రాజీవ్ గాంధీ ప్రధాని కాకముందు: 1981–84 మధ్య ఆయన నేర్చుకున్నదీ నేర్చుకోనిదీ

మీ ప్రశ్నలో రెండు అంశాలున్నాయి. 1984 అక్టోబరు 31న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి రాజీవ్ గాంధీకి రాజకీయానుభవం బొత్తిగా లేదన్న మాట ఎంతవరకు నిజమన్నది మొదటిది. 1982లో బేగంపేట విమానాశ్రయంలో అప్పటి ముఖ్యమంత్రి అంజయ్య గారికి రాజీవ్ చేతిలో జరిగిన అవమానమే తెలుగుదేశం పుట్టుకకు కారణమనడం సబబేనా అన్నది రెండోది. ఈ రెండింటికీ విడివిడిగా కాక కలిపి జవాబు చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే రాజీవ్ తొలి రాజకీయ జీవితంలో ఏ లోపం ఉందో అది మిగిలిన అన్ని చోట్లకంటే స్పష్టంగా కనిపించింది హైదరాబాదులోనే. ఆ రోజుల్లో రాష్ట్ర రాజకీయ వార్తలను దిద్దే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆంధ్రప్రదేశ్ వైపు కొంచెం ఎక్కువగా మొగ్గితే మన్నించండి.

ఒక్క మాటలో చెప్పాలంటే, ఆయనకు అనుభవం లేకపోలేదు. 1981 జూన్ నుంచి 1984 అక్టోబరు వరకు మూడేళ్లకు పైగా ఆయన పార్లమెంటు సభ్యుడు, అందులో చివరి ఏడాదిన్నరకు పైగా అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ప్రధాన కార్యదర్శి. అయితే ఈ కాలమంతటిలో ఆయన ఏ మంత్రిత్వ శాఖనూ నిర్వహించలేదు. ఏ ఫైలు మీదా సంతకం చేసి దానికి సభలో జవాబు చెప్పుకోలేదు, పార్టీలో ఎవరితోనూ పోటీపడి ఏ పదవినీ గెలవలేదు. ముఖ్యమంత్రులు మాత్రం ఆయన కోసం విమానాశ్రయాలకు వచ్చి నిలబడేవారు. అధికారం ముందు వచ్చి, బాధ్యత తర్వాత వచ్చిన శిక్షణ అది. ఆయన తర్వాతి విజయాలకూ తప్పటడుగులకూ మూలం ఆ వరుసలోనే ఉందని నేను అనుకుంటాను.

నేపథ్యం చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1944 ఆగస్టు 20న బొంబాయిలో పుట్టి, డూన్ స్కూల్లో చదివి, కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోనూ లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలోనూ ఇంజనీరింగ్ చదువుకు చేరి, రెండు చోట్లా పట్టా తీసుకోకుండానే తిరిగి వచ్చిన రాజీవ్, విమానం నడపడం నేర్చుకుని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా చేరారు. 1968లో సోనియాతో వివాహమైంది. తల్లి ప్రధానిగా ఉన్న ఇంట్లోనే ఉంటూ రాజకీయాలకు దూరంగా బతికిన మనిషి. ఎమర్జెన్సీ కాలంలో పార్టీనీ ప్రభుత్వాన్నీ ఏ పదవీ లేకుండానే శాసించినవాడు తమ్ముడు సంజయ్.

1980 జనవరి ఎన్నికల్లో ఇందిరా గాంధీ 353 స్థానాలతో తిరిగి అధికారంలోకి వచ్చినప్పుడు, టిక్కెట్ల పంపిణీలో సంజయ్ చేయి ఎంత పెద్దదో అందరికీ తెలుసు. కొత్త లోక్‌సభలోనూ, ఆ తర్వాత కొన్ని నెలలకే ఎన్నికలు జరిగిన రాష్ట్రాల శాసనసభల్లోనూ ఆయన మనుషులు గణనీయంగా ఉన్నారు. 1980 జూన్ 23న ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం దగ్గర ఆయన నడుపుతున్న చిన్న విమానం కూలిపోయి మరణించేసరికి, ఒక కుటుంబం ఒక కొడుకును కోల్పోయింది. దాంతోపాటు పార్టీలో ఒక పెద్ద వర్గానికి దిక్కు లేకుండా పోయింది. రాజీవ్‌ను రాజకీయాల్లోకి రమ్మని ఎంపీలు బృందాలుగా అడగడం మొదలైంది అందుకే. వాళ్లకు కావలసింది రాజీవ్ అనే వ్యక్తి కాదు, తమకూ ఇందిరకూ మధ్య నిలిచే ఒక కుటుంబ సభ్యుడు. ఈ తేడా గమనించకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

రాజీవ్ దాదాపు ఏడాది తటపటాయించారు. సోనియా గట్టిగా వ్యతిరేకించారు, ఆ సంగతి ఆమే తర్వాత రాసుకున్నారు కూడా. తల్లికి తోడుగా ఉండాలన్నదే చివరకు ఆయన చెప్పిన కారణం. అది నటన అనుకోవడానికి నాకు ఆధారమేమీ కనిపించదు. 1981 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన భారీ రైతు ర్యాలీలో ఆయన వేదికెక్కారు. ఆ వేసవిలో ప్రభుత్వ విమాన సంస్థలోని ఉద్యోగం వదులుకుని, సంజయ్ మరణంతో ఖాళీ అయిన అమేథీ నుంచి పోటీ చేశారు. లోక్‌దళ్ అభ్యర్థి శరద్ యాదవ్ మీద 2 లక్షల 37 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచి, ఆగస్టు 17న లోక్‌సభలో ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన వయస్సు 37 ఏళ్లకు మూడు రోజులు తక్కువ.

అమేథీ గురించి ఒక మాట చెప్పాలి. పక్కనే ఉన్న రాయ్‌బరేలీ తండ్రి ఫిరోజ్ గాంధీ 1952లోనూ 1957లోనూ గెలిచిన స్థానం, తర్వాత ఇందిరది. 1980లో ఇందిర రాయ్‌బరేలీతోపాటు మన మెదక్ నుంచి కూడా గెలిచి, మెదక్‌ను ఉంచుకుని రాయ్‌బరేలీకి రాజీనామా చేశారు. ఆ ఉపఎన్నికలో గెలిచింది బంధువైన అరుణ్ నెహ్రూ. అంటే 1981 నాటికి మూడు నియోజకవర్గాలు ఒకే ఇంటి చేతిలో ఉన్నాయి. ఇలాంటి చోట ఎన్నికైన సభ్యుడికి ఓటరును ఒప్పించడం ఎలాగో నేర్చుకోవలసిన అవసరం తక్కువ. నేర్చుకోవలసింది పనులు తెప్పించడం. రాజీవ్ ఆ పనిని శ్రద్ధగానే చేశారు. జగదీశ్‌పూర్ పారిశ్రామిక ప్రాంతం, కోర్వాలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ యూనిట్ వంటివి ఆ నియోజకవర్గానికి వచ్చాయి. రోజువారీ వ్యవహారాలను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో తోటి పైలట్ అయిన సతీశ్ శర్మకు అప్పగించారు. కొత్త ఎంపీ తన నియోజకవర్గాన్ని స్థానిక కార్యకర్త చేతిలో కాక వృత్తిమిత్రుడి చేతిలో పెట్టడం చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, ఆయన పద్ధతి మొదటి నుంచీ అదే.

ఢిల్లీలోనూ అంతే. ఆయన చుట్టూ చేరినవారిలో ముఖ్యులు ఇద్దరు. ఒకరు రంగుల కంపెనీలో ఉన్నతోద్యోగం వదిలి వచ్చిన అరుణ్ నెహ్రూ. మరొకరు డూన్ స్కూల్ నుంచీ కేంబ్రిడ్జి నుంచీ స్నేహితుడు, తానూ ఒక బహుళజాతి సంస్థలో పనిచేసి వచ్చిన అరుణ్ సింగ్. వీళ్లు సమర్థులు. ఆలస్యం సహించరు, లెక్కలు చూస్తారు, నివేదికలు అడుగుతారు. సంజయ్ చుట్టూ ఉన్న దౌర్జన్యపు గుంపుతో పోల్చి చూసినవాళ్లకు ఈ మార్పు ఎంతో ఊరటగా అనిపించింది. అందుకే పత్రికలు రాజీవ్‌కు నిష్కళంకుడన్న పేరు ఇచ్చాయి. అయితే పార్టీని కంపెనీలా నడపవచ్చనే నమ్మకం కూడా వీళ్లతోపాటే వచ్చింది. ఒక జిల్లా నాయకుడు పనికిరానివాడని నివేదిక వస్తే అతన్ని తీసేయడం కంపెనీలో సరిపోతుంది. పార్టీలో ఆ మనిషి వెనుక ఒక కులం, ఒక తాలూకా, పాతికేళ్ల పరిచయాలు ఉంటాయి. అతన్ని తీసినప్పుడు అవన్నీ కదులుతాయి.

సంజయ్ మనుషులను పక్కకు నెట్టే పని చప్పుడు లేకుండా సాగింది. ఇంట్లో మాత్రం అది చప్పుడు లేకుండా జరగలేదు. భర్త రాజకీయ వారసత్వం తనదేనని భావించిన మేనకా గాంధీ, సంజయ్ అనుచరులు లక్నోలో ఏర్పాటు చేసిన సభకు అత్తగారి మాట కాదని హాజరై, 1982 మార్చి ఆఖరులో ప్రధాని నివాసం విడిచి బయటికి వచ్చారు. సరిగ్గా అదే వారంలో, మార్చి 29న, హైదరాబాదులో ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. ఈ రెండూ కాకతాళీయమే. కానీ 1983 జనవరి శాసనసభ ఎన్నికల్లో మేనక స్థాపించిన సంజయ్ విచార్ మంచ్ తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుని ఐదు స్థానాల్లో పోటీ చేసి నాలుగు గెలిచిందన్న సంగతి ఈ రోజు చాలామందికి గుర్తు లేదు. ఢిల్లీలో ఒకే ఇంటి గొడవ ఇక్కడి శాసనసభ దాకా వచ్చింది!

ఇప్పుడు బేగంపేట. 1982 ఫిబ్రవరిలో రాజీవ్ హైదరాబాదుకు వచ్చారు. అప్పటికి ఆయన ఎవరు? ఎన్నికై ఏడాది కూడా నిండని అమేథీ ఎంపీ. యువజన కాంగ్రెస్ వ్యవహారాలు చూడమని రెండు నెలల క్రితమే అప్పగించారు. ప్రధాన కార్యదర్శి పదవి రావడానికి ఇంకా ఏడాది ఉంది. స్వాగతం చెప్పడానికి వచ్చినవారు టి. అంజయ్య, 1980 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. కార్మిక నాయకుడిగా కింది నుంచి పైకి వచ్చిన మనిషి, రాజీవ్ కంటే పాతికేళ్లు పెద్దవారు. మందీమార్బలంతో, దండలతో, నినాదాలతో విమానాశ్రయంలోకి వచ్చిన ఆ జనాన్ని చూసి రాజీవ్ ఆగ్రహించి ముఖ్యమంత్రిని అందరి ముందూ మందలించారు. ఎంత పరుషంగా మాట్లాడారు, ఏ పదం వాడారు అన్నదాని మీద రకరకాల కథనాలు వచ్చాయి. మందలించారన్నదానిలో మాత్రం భేదాభిప్రాయం లేదు.

రాజీవ్ పక్షాన ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఏళ్ల తరబడి ప్రయాణికుల విమానాలు నడిపిన మనిషికి, విమానాలు దిగే ప్రదేశంలోకి గుంపులుగా జనం రావడం ఎంత ప్రమాదమో తెలుసు. ఆ కోపం పైలట్‌గా సహజం. అసలు ఆయన రాజకీయాల్లోకి వచ్చింది ఇలాంటి ఆడంబరం తగ్గించాలన్న ఉద్దేశంతోనే అని ఆయన మిత్రులు అనేవారు, అది అబద్ధం కాదు. అయితే ఆయన గమనించని సంగతి ఒకటుంది. అంజయ్య అంత హంగామా చేసింది రాజీవ్ మీద ప్రేమతో కాదు. తన పదవి నిలబడాలంటే ఢిల్లీ ఇంటికి విధేయత చూపించక తప్పని స్థితిలో ఉన్నారు కాబట్టి చేశారు. మర్రి చెన్నారెడ్డిని దించి ఆయన్ని కూర్చోబెట్టింది శాసనసభ్యులు కాదు, అధిష్ఠానం. సీల్డు కవరులో వచ్చిన ముఖ్యమంత్రి తన బలాన్ని ఢిల్లీకి చూపించుకోవాలి, అందుకే 61 మందితో మంత్రివర్గం, అందుకే విమానాశ్రయంలో జనసందోహం. ఆ వ్యవస్థను నిర్మించినవారు రాజీవ్ తల్లి. ఆ వ్యవస్థ ఫలితం తన కళ్ల ముందు నిలబడితే రాజీవ్‌కు అందులో ఒక మనిషి వెకిలితనం మాత్రమే కనిపించింది. నా దృష్టిలో ఆయన తొలి దశలో అసలైన లోపం ఇదే, నోటి దురుసు కాదు.

ఆ నెలలోనే అంజయ్య దిగిపోయారు. భవనం వెంకట్రామరెడ్డి వచ్చారు, ఏడు నెలలు తిరక్కుండానే ఆయన స్థానంలో కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. 1978 ఎన్నికల తర్వాత ఐదేళ్లలోపు నలుగురు ముఖ్యమంత్రులు. ఇక ప్రశ్నలోని రెండో భాగానికి వస్తాను. బేగంపేట సంఘటన ఒక్కటే తెలుగుదేశాన్ని పుట్టించిందనడం అతిశయోక్తి. రామారావు గారి మనస్సులో రాజకీయ ప్రవేశం అంతకుముందు నుంచే ఉంది. కాంగ్రెస్‌లో చోటు దొరకని అసమ్మతివాదులు ఒక నాయకుడి కోసం వెదుకుతున్నారు. పంటకాల్వల జిల్లాల్లో డబ్బు చేసుకున్న రైతు వర్గాలకు అధికారంలో తగిన వాటా రాలేదన్న అసంతృప్తి ఉంది. ‘ఈనాడు’ పత్రిక ఊరూరా చేరింది. ఇవన్నీ సిద్ధంగా ఉన్నాయి. బేగంపేట ఇచ్చింది కారణం కాదు, భాష. ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అన్న నినాదం వట్టి భావనగా ఉండిపోకుండా, ఎవరైనా ఊహించుకోగల ఒక దృశ్యంగా మారింది. చైతన్య రథం మీద నుంచి రామారావు ఢిల్లీ పెత్తనం అనగానే శ్రోతకు ఆ రన్‌వే గుర్తుకు వచ్చేది. రోజూ పదవులు మార్చే వ్యవస్థ మీద ఉన్న కోపాన్ని ఒక్క సంఘటనలోకి కుదించగలగడం ప్రతిపక్షానికి ఎంత లాభమో చెప్పనవసరం లేదు.

అదే 1982లో రాజీవ్ జీవితంలో అంతకంటే ముఖ్యమైనదిగా ఢిల్లీ పత్రికలు భావించినది ఆసియా క్రీడలు. నవంబరు 19 నుంచి డిసెంబరు 4 వరకు, 33 దేశాలతో జరిగిన ఆ క్రీడల ఏర్పాట్లు ఒక దశలో వెనకబడిపోయాయి. బూటా సింగ్ అధ్యక్షతన వేసిన ప్రత్యేక నిర్వాహక సంఘంలో రాజీవ్ సభ్యుడు. తల్లి అండ ఉన్న సభ్యుడు కాబట్టి ఆయన మాటకు శాఖల మధ్య అడ్డంకులు తొలగేవి. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం, క్రీడాగ్రామం, ఫ్లైఓవర్లు, అదే ఏడాది ప్రారంభమైన రంగుల టెలివిజన్ ప్రసారాలు, ఇవన్నీ గడువులోపు పూర్తికావడంలో ఆయన చొరవను అందరూ ఒప్పుకున్నారు. ఆయనకు ఇష్టమైన పని కూడా అదే: ఒక లక్ష్యం, ఒక తేదీ, దానికి కావలసిన డబ్బు, అడ్డం చెప్పడానికి ఎవరూ లేకపోవడం. తర్వాత ప్రధానిగా టెలిఫోన్లకూ, తాగునీటికీ, టీకాలకూ, అక్షరాస్యతకూ ‘మిషన్లు’ ఏర్పాటు చేసిన ఆలోచనకు బీజం ఆసియా క్రీడల దగ్గరే పడిందని నేను అనుకుంటాను. 1984 ఆగస్టులో దేశీయ టెలిఫోన్ సాంకేతికత కోసం పెట్టిన పరిశోధన సంస్థ సీ-డాట్ ఏర్పాటుకు ఆయన ఆసక్తి తోడు కావడం కూడా ఆ కోవలోదే. నిర్మాణ స్థలాల్లో కూలీల బతుకు గురించి సుప్రీంకోర్టు ఆ ఏడాదే ఇచ్చిన తీర్పు ఈ కీర్తికి రెండో పార్శ్వం. కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకునే పని వెట్టిచాకిరీయేనని ఆ తీర్పు చెప్పింది.

స్టేడియం విజయం డిసెంబరులో. జనవరి 5న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. మూడేళ్ల క్రితం 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఇచ్చిన రాష్ట్రంలో, పుట్టి పది నెలలైనా నిండని పార్టీ 294 శాసనసభ స్థానాల్లో 200కు పైగా గెలుచుకుంది. కాంగ్రెస్‌కు 60 మిగిలాయి. కర్ణాటకలోనూ జనతా పార్టీ నాయకత్వంలో తొలి కాంగ్రెసేతర ప్రభుత్వం వచ్చింది. ఇందిరకు ఎప్పుడూ అండగా నిలిచిన దక్షిణాది, 1977లో ఉత్తరాది మొత్తం కాదన్నా కాదనని దక్షిణాది, చేజారింది.

ఈ ఓటమి తర్వాత నెలకే, 1983 ఫిబ్రవరిలో, రాజీవ్‌ను ప్రధాన కార్యదర్శిగా నియమించారు. ఇక్కడ కాస్త ఆగి చూడండి. పార్టీ ఓడిపోతే బాధ్యులు పదవులు వదులుకోవడం మామూలు. ఇక్కడ ఓటమికి దారితీసిన పరిణామాల్లో పేరు వినబడిన మనిషికి పదోన్నతి వచ్చింది. దాన్ని కుటుంబ పక్షపాతమని కొట్టిపారేయడం తేలిక గాని, పార్టీ ఆ ఫలితాన్ని అర్థం చేసుకున్న తీరు అందులో ఉంది. రాష్ట్రాల్లో యంత్రాంగం శిథిలమైందనీ, దాన్ని మరమ్మతు చేయడానికి ఒక శుభ్రమైన చెయ్యి కావాలనీ వాళ్లు నిర్ణయించుకున్నారు. యంత్రాంగాన్ని శిథిలం చేసింది ఢిల్లీ నుంచి జరిగే నియామకాలే కదా అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరూ వేసే స్థితిలో లేరు.

ప్రధాన కార్యదర్శిగా ఆయన పని తేలికగా తీసుకోలేదు. రాష్ట్రాలు విస్తృతంగా తిరిగారు, సేవాదళ్‌నూ యువజన కాంగ్రెస్‌నూ శిక్షణ శిబిరాల ద్వారా చక్కదిద్దాలని చూశారు, నియోజకవర్గాల వారీ సమాచారాన్ని కంప్యూటర్లలోకి ఎక్కించే ప్రయత్నం ఆయన బృందంతోనే మొదలైంది. పాత తరం నాయకులు దీన్ని చూసి నవ్వుకున్నా, ఏ ఎంపీకి తిరిగి టిక్కెట్టు ఇవ్వాలో లెక్కలతో తేల్చే పద్ధతి 1984 చివరికి ఉపయోగపడింది. ఈ కాలంలో ఆయన పార్టీని చూసినంత దగ్గరగా ఆ తరంలో మరెవరూ చూడలేదు. బొంబాయిలో 1985 డిసెంబరులో జరిగిన కాంగ్రెస్ శతాబ్ది సభలో అధికార దళారుల మీద ఆయన చేసిన తీవ్రమైన ప్రసంగం పుస్తకాలు చదివి రాసింది కాదు, ఆ రెండేళ్ల తిరుగుడులో కళ్లారా చూసింది.

కానీ రాజకీయ తీర్పు అవసరమైన చోట ఆ శిక్షణ ఆదుకోలేదు. రెండు ఉదాహరణలు చాలు. 1984 ఏప్రిల్ చివరలో చండీగఢ్‌లో రాజీవ్, పంజాబ్‌లో సాయుధ సిక్కు తీవ్రవాదులకు నాయకుడైన భింద్రన్‌వాలేను మతనాయకుడిగా పేర్కొని, అతనికి రాజకీయ ఆకాంక్షలు ఇంతవరకు కనిపించలేదన్న అర్థంలో మాట్లాడారు. ఐదారు వారాలు తిరిగేసరికి స్వర్ణదేవాలయంలోకి సైన్యం వెళ్లింది.

రెండోది మళ్లీ హైదరాబాదు. 1984 ఆగస్టు 16న, అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని వచ్చిన రామారావును గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి, తెలుగుదేశం నుంచి చీలిన నాదెండ్ల భాస్కరరావు చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. తన వెనుక మెజారిటీ ఉందని చూపించడానికి రామారావు శాసనసభ్యులను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టారు, తర్వాత వాళ్లను కర్ణాటకలో దాచవలసి వచ్చింది. గవర్నర్ మారి, శంకర్ దయాళ్ శర్మ వచ్చి, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. రామారావు బర్తరఫ్‌కు ఆరు వారాల ముందు, జులై 2న, శ్రీనగర్‌లో ఫారూఖ్ అబ్దుల్లా ప్రభుత్వాన్ని కూల్చిన పద్ధతే ఇక్కడా కనిపించింది. నాటి పత్రికల్లో ఎక్కువగా వినిపించిన పేరు అరుణ్ నెహ్రూది. రాజీవ్ పేరు అంతగా వినిపించలేదు. అయినా తన అత్యంత సన్నిహితుడి పేరు, తన పార్టీ, తాను ప్రధాన కార్యదర్శి: ఆ నెల రోజుల్లో ఆయన బహిరంగంగా అభ్యంతరం చెప్పలేదు. ప్రధాని అయిన మొదటి మూడు నెలల్లోనే ఫిరాయింపుల నిరోధానికి 52వ రాజ్యాంగ సవరణ తెచ్చినవారు కూడా ఆయనే. ఆ చట్టాన్ని మెచ్చుకునేవాళ్లు 1984 ఆగస్టును కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

ఇతరులతో పోల్చి చూస్తే తేడా ఇంకా తేటతెల్లమవుతుంది. అదే కుటుంబంలో నెహ్రూ 1923లోనే అలహాబాదు పురపాలక సంఘం అధ్యక్షుడిగా పన్నుల గొడవలూ కాల్వల గొడవలూ చూశారు. ఇందిర 1955లో కార్యవర్గ సభ్యురాలు, 1959లో పార్టీ అధ్యక్షురాలు, 1964 నుంచి సమాచార ప్రసార శాఖ మంత్రి. 1966 జనవరిలో పార్లమెంటరీ పార్టీలో మొరార్జీ దేశాయి మీద 355–169 ఓట్లతో గెలిచి ప్రధాని అయ్యారు. ఆ ఓట్లు ఎవరు వేయించారన్నది వేరే మాట, పోటీ మాత్రం జరిగింది. అందరికంటే ఆసక్తికరమైన ఉదాహరణ తండ్రి ఫిరోజ్. మామగారు ప్రధానిగా ఉండగా, కాంగ్రెస్ సభ్యుడిగానే 1957 డిసెంబరులో ముంద్రా వ్యవహారాన్ని (ప్రభుత్వ బీమా సంస్థ డబ్బును ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన కుంభకోణాన్ని) లోక్‌సభలో లేవనెత్తి, ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామాకు కారణమయ్యారు. సొంత పక్షాన్ని ప్రశ్నించే ఎంపీ ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి రాజీవ్ ఇల్లు దాటి వెళ్లనవసరం లేదు. కానీ 1981లో ఆయన చేరిన పార్టీలో అలాంటి ఎంపీకి చోటు లేదు, ఆయన స్థానంలో ఉన్న మనిషికి దాని అవసరమూ లేదు.

1984 అక్టోబరు 31 ఉదయం తల్లి మీద కాల్పులు జరిగినప్పుడు రాజీవ్ ప్రణబ్ ముఖర్జీతో కలిసి పశ్చిమ బెంగాల్ పర్యటనలో ఉన్నారు. ఆ సాయంత్రమే రాష్ట్రపతి జైల్ సింగ్ ఆయన చేత ప్రధానిగా ప్రమాణం చేయించారు. ఆయనతోపాటు ప్రమాణం చేసిన నలుగురిలో పి.వి. నరసింహారావు, పి. శివశంకర్ ఇద్దరూ తెలుగువారే. 1964లోనూ 1966లోనూ ప్రధాని మరణిస్తే ముందు గుల్జారీలాల్ నందా తాత్కాలికంగా బాధ్యత తీసుకుని, తర్వాత పార్టీ నాయకుణ్ణి ఎన్నుకుంది. ఈసారి ఆ మధ్య దశ లేదు, పార్లమెంటరీ పార్టీ ఎన్నిక తర్వాత లాంఛనంగా జరిగింది. మరునాటి నుంచి ఢిల్లీలో సిక్కుల మీద జరిగిన మారణకాండలో అధికారిక లెక్క ప్రకారమే 2,733 మంది చనిపోయారు. నవంబరు 19న బోట్ క్లబ్ సభలో, పెద్ద చెట్టు కూలినప్పుడు నేల కొద్దిగా కంపిస్తుందని కొత్త ప్రధాని అన్నారు. పరిపాలనా బాధ్యత మోసిన మనిషి, తన మాట ఏ గుమ్మం దగ్గర ఎలా వినబడుతుందో ఒక్కసారైనా అనుభవించిన మనిషి, ఆ వాక్యం పలకడానికి సంకోచించి ఉండేవాడని నా నమ్మకం.

డిసెంబరు ఎన్నికల్లో పోలింగ్ జరిగిన 514 స్థానాల్లో కాంగ్రెస్‌కు 404 వచ్చాయి. అమేథీలో రాజీవ్ మీద పోటీ చేసిన మేనక మూడు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడి ధరావతు కోల్పోయారు. అంతటి సానుభూతి వెల్లువలోనూ ఆంధ్రప్రదేశ్‌లో 42లో కాంగ్రెస్‌కు దక్కినవి ఆరే. తెలుగుదేశం 30 గెలిచి, ఒక ప్రాంతీయ పార్టీ లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షం కావడం అదే మొదటిసారి. పి.వి. వంటి నాయకుడు హనుమకొండలో ఓడిపోయి మహారాష్ట్రలోని రాంటెక్ గెలుపుతో సభలోకి వెళ్లారు. ఆ ఆరుగురిలో సికింద్రాబాదు నుంచి గెలిచిన ఒకరు టి. అంజయ్య, రాజీవ్ ప్రభుత్వంలోనే కార్మిక శాఖ చూశారు.

కాబట్టి ఎవరైనా ఆయన్ని అనుభవం లేని పైలట్ అన్నా, తల్లి దగ్గర తర్ఫీదు పొందిన వారసుడన్నా, రెండూ సగమే నిజమని చెప్పండి. పార్టీ రోగాన్ని ఆయన బాగా గుర్తుపట్టారు, దాన్ని బొంబాయి వేదిక మీద అంత ధైర్యంగా చెప్పిన కాంగ్రెస్ అధ్యక్షుడు మరొకరు లేరు. 1970ల మొదట్లో ఆగిపోయిన సంస్థాగత ఎన్నికలు జరిపిస్తామని కూడా ఆయన ప్రకటించారు. కానీ బ్లాకు స్థాయి నుంచి ఎన్నికై వచ్చే నాయకుడు నామినేషన్ మీద వచ్చిన అధిష్ఠానాన్ని జవాబు చెప్పమంటాడు. అలాంటి నాయకుడితో వ్యవహరించిన అనుభవం రాజీవ్‌కు గాని, ఆయన చుట్టూ ఉన్నవారికి గాని లేదు. వాయిదాలు పడుతూ పోయిన ఆ ఎన్నికలు ఆయన మరణం తర్వాత, 1992లో పి.వి. అధ్యక్షుడిగా ఉండగా, తిరుపతి సమావేశం ముందు జరిగాయి.